చుట్టాలొస్తే కుంటుతుంది

మార్చి 4, మంగళవారం

అక్కకు,

నీ తమ్ముడు రాసేది. పెద్దదానివి కాబట్టి ముందు నమస్కారాలు, బావగారికి కూడా. ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను, ముఖ్యంగా నీ కుడిచెయ్యి. పంటిగాట్లు ఈపాటికి మానే ఉంటాయి. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తడం లేదు. ఎత్తిన బావగారేమో నువ్వు స్నానం చేస్తున్నావంటున్నారు. పొద్దున చేసినా స్నానమే, సాయంత్రం చేసినా స్నానమే. ఇంత శుభ్రత నీకు చిన్నప్పుడే ఉండి ఉంటే అమ్మ ఎంత సంతోషించేదో. అందుకని కాగితం పట్టుకున్నాను. ఉత్తరమైతే నీ స్నానం అయ్యేదాకా బల్ల మీద కూర్చుంటుంది.

క్షమించమని అడుగుదామనే మొదలుపెట్టాను. కానీ ఏది ఎందుకు జరిగిందో నాకే తెలియనప్పుడు దేనికని అడగను? నువ్వు బుల్లెమ్మను చూసి మురిసిపోయావు. బుగ్గ పట్టుకుని, ఇంత ముద్దుగా ఉందేమిట్రా ఇది, నేను పట్టుకుపోతున్నాను, పద పద పెట్టె సర్దుకో అన్నావు. అది నీ చెయ్యి కొరికి మంచం కిందకు దూరింది. బతిమాలితే బయటికొచ్చి, కాలీడ్చుకుంటూ నీ ముందు నుంచే వంటింట్లోకి పోయింది. పిల్లకు అవిటితనం ఉందని ఒక్క ముక్కయినా చెప్పలేదేమిటని నువ్వు నన్ను నిలదీశావు. వెళ్తూ వెళ్తూ, గుమ్మంలో చెప్పులేసుకుంటూ, దేశం కాని దేశం నుంచి తెచ్చుకున్నారు, మీకది అలవాటు పడలేదు, ఇంకా సమయం మించిపోలేదు, ఆలోచించుకోండి అన్నావు. ఆ మాట నీ మరదలికి వినపడింది. అప్పటినుంచీ ఆవిడ ఆలోచిస్తూనే ఉంది. నాకేమో ఆలోచించడానికి బుర్ర మిగల్లేదు.

నీకు తెలియనిది మొదటినుంచీ చెప్తాను, విను.

నిరుడు ఆ దేశంలోని అనాథాశ్రమం నుంచి తెచ్చుకున్నప్పుడు దానికి ఆరేళ్ళు. మన మాట ఒక్కటీ దానికి రాదు, దాని మాట మాకు రాదు. సైగలతోనే సంసారం. ఆ రోజుల్లో ఎవరైనా ఇంటికొస్తే చాలు, బుల్లెమ్మ తనంతట తనే మొహం కడుక్కునేది. జుట్టు తడిచేసి దువ్వుకుని, వచ్చినవాళ్ళ ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడేది. తన భాషలో పాట పాడేది. అడక్కుండానే నోరు తెరిచి పళ్ళు చూపించేది, చేతులు తిప్పి గోళ్ళు చూపించేది. వాళ్ళు వెళ్ళడానికి లేస్తే తనూ లేచి, బూట్లేసుకుని, వాళ్ళ వేలు పట్టుకునేది. కింది వాటాలో ఉండే కరెంటు పనాయన ఒకసారి ఫ్యూజు మార్చడానికొచ్చి, వేలు విడిపించుకోలేక, పాపం, చాలాసేపు మెట్ల మీద కూర్చుండిపోయాడు. మేమిద్దరమే ఉన్నప్పుడు మాత్రం గోడవైపు తిరిగి కూర్చునేది. దారినపోయేవాళ్ళతోనైనా వెళ్తుంది గానీ మాతో ఉండదన్నమాట అని మేం ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకునేవాళ్ళం. దత్తత ఆఫీసు ఆవిడ మొదటిసారి చూడటానికొచ్చింది అప్పుడే. పాట విని, పళ్ళు చూసి, పిల్ల చక్కగా కుదురుకుంది అని రాసుకుపోయింది. ఆవిడ వేలు విడిపించడం నా వంతయింది.

ఇప్పుడు అంతా తిరగబడింది. మేం ముగ్గురమే ఉంటే ఇంట్లో దాని నోటికి తాళం వెయ్యలేం. మన మాటలు నా కంటే ఎక్కువ మాట్లాడుతోంది. బడి అయ్యాక నా చెప్పుల కొట్టుకొచ్చి, బల్ల కింద కూర్చుని బూట్లకు తాళ్ళు ఎక్కిస్తుంది, ఎక్కించిన ప్రతి జతా నా ఒళ్ళో పెడుతుంది. వాళ్ళమ్మ కొంగు వదలదు. ఇద్దరి మధ్యా పడుకుని నా పొట్ట మీద కాలేస్తుంది. ఇది మా పిల్లే అనిపిస్తుంది. అంతలో ఎవరో వచ్చి బెల్లు కొడతారు. అంతే, దువ్విన జుట్టు చెరిపేసుకుంటుంది, నోరు తెరుచుకుని ఒక పక్కకు వాల్చేస్తుంది, పేరు పెట్టి పిలిచినా వినపడనట్టు ఉంటుంది. పైగా కుంటుతుంది.

ఆ కుంటడం మొదలైంది మా కొట్లోనే. ఒక పెద్దావిడ మెత్తటి చెప్పులు కొంటూ బుల్లెమ్మను చూసి, ఈ బంగారాన్ని కూడా నా సంచిలో వేసెయ్యవయ్యా, చెప్పులతోపాటు తీసుకుపోతాను అంది. ఇది బల్ల కింద నుంచి లేచి, ఎడమకాలు ఈడ్చుకుంటూ అటు చివరికి పోయి, మళ్ళీ ఈడ్చుకుంటూ ఇటు చివరికి వచ్చింది. ఆవిడ అయ్యో అంటూ చెప్పులు అరలో పెట్టేసి వెళ్ళిపోయింది. చెప్పులవాడి కూతురే కుంటుతుంటే ఆ కొట్లో చెప్పులెవరు కొంటారు చెప్పు.

నాకు భయం వేసింది. కొత్త బూట్లు కుట్టాను, లోపల మెత్త వేశాను, తీశాను, మళ్ళీ వేశాను. ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన గదిలో కుంటింది. ఫొటో తీస్తే ఎముకలు మీ ఎముకల కంటే బాగున్నాయి అన్నాడాయన. బయట వీధిలోకి రాగానే మా చేతులు వదిలించుకుని పరిగెత్తింది. ఇంటికొచ్చి దాని పాత బూట్లు తిరగేసి చూశాను. కుంటేవాళ్ళకు ఒక అంచు ముందు అరుగుతుంది, ఆ మాత్రం నాకు తెలుసు. దానికి రెండూ సమంగా అరిగాయి. ఇంకో సంగతి, నీ ముందు అది ఎడమకాలితో కుంటిందని నువ్వన్నావు. నువ్వు మంచినీళ్ళు తాగేలోపు కుడికాలికి మారింది, నేను చూశాను. నొప్పా అని అడిగితే నేలచూపులు చూస్తుంది. అబద్ధమా అని అడిగినా నేలచూపులే.

నీ మరదలి సంగతి నీకు తెలుసు కదా, బళ్ళో నలభైమంది పిల్లల్ని కళ్ళతోనే కూర్చోబెట్టగలదు. పిల్లల మనసు చదవడంలో తనకు ఎదురులేదని ఆవిడకు కాస్త గర్వం కూడా. మొన్న తోటి టీచర్లు టీకి వస్తే బుల్లెమ్మ ట్రేలోకి చొంగ కార్చింది. వాళ్ళు చూపు తిప్పుకుని కిటికీలోంచి బయటి చెట్ల గురించి మాట్లాడారు. వాళ్ళు వెళ్ళాక ఈవిడ బాత్రూములో కుళాయి తిప్పి ఏడ్చింది. తర్వాత నాతో అంది, దానికి మనం పడటం లేదేమోనండీ, పరాయివాళ్ళు కనపడగానే నన్ను చూడండి, నేనిక్కడ బాగాలేను, నన్ను తీసుకుపొండి అని చెప్పుకుంటోందేమో అని. అవునని ఒప్పుకోవడానికి మనసు రాలేదు. పొట్ట మీద కాలేసుకుని పడుకునే పిల్ల మనల్ని వదిలిపోవాలని కోరుకుంటుందా? కోరుకోకపోతే మరి ఈ వేషాలేమిటి? అటు చూస్తే ఒకలా ఉంది, ఇటు చూస్తే ఇంకోలా ఉంది, నాకేమీ పాలుపోవడం లేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఎల్లుండి గురువారం ఆఫీసు ఆవిడ మళ్ళీ వస్తోంది. ఇదే ఆఖరి తనిఖీ. పిల్ల మా దగ్గర బాగుందని ఆవిడ రాస్తే బుల్లెమ్మ చట్టప్రకారం మాదైపోతుంది. బాగాలేదని రాస్తే వేరే ఇంటికి పంపిస్తారు. పిల్లల కోసం ఎదురుచూసేవాళ్ళు చాలామందే ఉన్నారట. మొదటిసారి పాట పాడి పళ్ళు చూపించిన పిల్ల, ఈసారి కుంటుతూ, చొంగ కారుస్తూ కనపడితే ఆవిడ ఏమనుకుంటుంది? వీళ్ళు దాన్ని ఏం చేశారో అనుకోదూ? ఆవిడ స్థానంలో ఉంటే నేనూ అదే అనుకుంటాను.

నీ మరదలు ఉన్నదున్నట్టు చెప్పేద్దామంటోంది. మావల్ల కావడం లేదు, ఇంకెవరి దగ్గరైనా సుఖపడుతుందేమో చూడండి అని మనమే అందామంటోంది. పిల్ల మీద ప్రేమ లేక అనే మాట కాదది. ఆ మాట అన్న వెంటనే పోయి దాని స్వెట్టరుకు మోచేతి దగ్గర మాసిక వేస్తూ కూర్చుంది. నాకు మాత్రం ఈ పిల్ల కావాలక్కా. కుంటినా కావాలి, కొరికినా కావాలి. అయితే నాకు కావాలి కాబట్టి దానికీ నేను కావాలని ఎక్కడుంది? అదే నన్ను తినేస్తోంది.

నువ్వు ఇద్దర్ని పెంచి పెద్ద చేశావు. కోపం పక్కన పెట్టి, ఇలాంటిది ఎక్కడైనా చూశావా, విన్నావా, నాకు చెప్పు. బావగారిని అడిగి చెప్పినా సరే. స్నానం నుంచి ఎప్పుడు బయటికొస్తావో అప్పుడే ఫోన్ చెయ్యి.

నీ ఆశీస్సులు కోరుతూ, ఏమీ అర్థంకాని
నీ తమ్ముడు

తా.క. గురువారం సాయంత్రం. స్టాంపు అంటించి జేబులో పెట్టుకుని మరిచిపోయాను, ఉత్తరం ఇంకా నా దగ్గరే ఉంది. ఒకందుకు మంచిదే అయింది. పైన రాసినదంతా చదివినా కొట్టెయ్, కింద రాస్తున్నది మాత్రం రెండుసార్లు చదువు.

పొద్దున నీ మరదలు బుల్లెమ్మకు తల దువ్వి, ఉతికిన గౌను వేసింది. ఆఫీసు ఆవిడ వస్తోందని చెప్పాం. అది క్లిప్పు పీకి పారేసింది. అది మామూలే. అయితే ఈసారి కుర్చీ లాక్కుని ఎక్కి, వాళ్ళమ్మ ముడి కూడా ఊడదీసి జుట్టంతా రేపేసింది. అంతటితో ఆగలేదు. బూటుపాలిష్ డబ్బాలో వేలు ముంచి నా బుగ్గకు పూసింది. నేను ఇదేం పనే అంటుండగానే బెల్లు మోగింది. బుల్లెమ్మ నా చొక్కా పట్టుకుని కిందికి లాగి, చెవిలో, నాన్నా నువ్వు కూడా కుంటు, అమ్మా నువ్వు కూడా, బాగుంటే తీసుకెళ్ళిపోతారు అంది.

ఎవరు తీసుకెళ్తారే అన్నాను. ఇంటికొచ్చేవాళ్ళు అంది. అక్కడ వాళ్ళ ఆశ్రమంలో అంతేనట. ఎవరైనా వస్తే పిల్లలందరినీ కడిగి, దువ్వి, వరసగా నిలబెడతారట. పాట పాడినవాళ్ళని, పళ్ళు తెల్లగా ఉన్నవాళ్ళని తీసుకుపోతారట. దీని పక్క మంచం పిల్లకు కాలు వంకరట. ఆ పిల్లను ఎవరూ ఎప్పుడూ తీసుకెళ్ళలేదట. నాకు ఇక్కడే ఉండాలనుంది నాన్నా, అందుకని కాలు అలా పెడుతున్నా అని చెప్పింది. నువ్వు కొట్లో బాగా కనపడుతున్నావు, నిన్ను పట్టుకుపోతే అమ్మా నేనూ ఏం చేస్తాం అని కూడా అడిగింది.

అక్కా, నువ్వు అన్నది, ఆ చెప్పుల పెద్దావిడ అన్నది, మనందరం కనపడ్డ ప్రతి పిల్లతోనూ అనేదే. నన్నూ చిన్నప్పుడు ఎంతమంది పట్టుకుపోతామన్నారో. మనం నవ్వుకుని మరిచిపోయాం, మనకు అమ్మ ఉందని తెలుసు కాబట్టి. ఈ పిల్లను నిజంగానే ఒకరోజు ఇద్దరు కొత్తవాళ్ళొచ్చి పట్టుకుపోయారు. ఆ కొత్తవాళ్ళం మేమే. మా తర్వాత ఇంకెవరో వస్తారని, ఇదీ ఇంకో వరసేనని అది ఇన్నాళ్ళూ అనుకుంది. ముందు బాగా కనపడింది, మేమప్పటికి దానికేమీ కాము కాబట్టి. తర్వాత కాలీడ్చింది. ఎప్పుడు మారిందో నాకు గుర్తులేదు. గుర్తుంటే ఆ రోజు పండగ చేసుకునేవాణ్ణి. నీ చెయ్యి కొరికిందంటే నీకు ఎంత భయపడిందో చూడు. ఈసారి వచ్చేటప్పుడు గుమ్మంలోనే, ఇక్కడ నాలుగు రోజులుండి నా ఇంటికి నేనొక్కదాన్నే పోతానే అని చెప్పి లోపలికి రా.

బెల్లు రెండోసారి మోగింది. నేను కుంటుతూ వెళ్ళి తలుపు తీశాను. వెనకాల నీ మరదలు జుట్టు విరబోసుకుని, గోడ పట్టుకుని కుంటుతూ వచ్చింది. నలభైమందిని కళ్ళతో కూర్చోబెట్టే మనిషి. ఆవిడ వెనక బుల్లెమ్మ. ఆఫీసు ఆవిడ ఫైలు గుండెకు హత్తుకుని గుమ్మంలో ఆగిపోయి, ఇంట్లో ఏం జరిగిందని అడిగింది. నేను ఆవిడ సంచి అందుకునే మిషతో దగ్గరికి వెళ్ళి, పిల్ల చెప్పింది చెప్పినట్టు గొంతు తగ్గించి చెప్పాను. ఆవిడ ఫైలు బల్ల మీద పెట్టి, కళ్ళజోడు పెట్టుకుని, మమ్మల్ని వరసగా నిలబెట్టి ఒక్కొక్కళ్ళనే చూస్తూ మొదలుపెట్టింది. ఈయన మొహం చూడు, మసి. ఈవిడ జుట్టు చూడు, చీపురుకట్ట. ఇక ఈ పిల్ల కాలు సరేసరి. ఈ ఇంట్లోంచి ఎవ్వర్నీ తీసుకెళ్ళను, ఊరికే ఇచ్చినా నాకొద్దు అంది.

బుల్లెమ్మ నిజంగానా అని అడిగింది. నిజంగానే, ఇంకెవర్నీ కూడా రానివ్వను, అలాగని కాగితం మీద రాసి పెడతాను అందావిడ. బుల్లెమ్మ రెండు కాళ్ళ మీదా తిన్నగా నిలబడి, పరిగెత్తుకెళ్ళి ఆవిడకు మంచినీళ్ళు తెచ్చింది. నీ మరదలు కుర్చీలో కూలబడింది. నేను మాత్రం ఇంకా హాల్లో అటూ ఇటూ కుంటుతూనే ఉన్నాను. ఇక చాలు నాన్నా, ఆవిడ మనల్ని వద్దందిగా అని బుల్లెమ్మ చెప్పినా ఆగలేదు. ఆగితే వాళ్ళ ముందు ఏడ్చేస్తానని.