ఏనుగులను చూడవోయిన ఖాకీ అంగీ

తనుశ్రీ డాడీ,

నీ ఖాకీ అంగీ కోసం ఇల్లంత దేవులాడకు, నేనే తీస్కపోతున్న. అడవిల ఏనుగులను చూడ జీపెక్కేటోళ్ళు మెరిసే రంగులు ఏస్కోవద్దంట, మట్టిరంగే ఏస్కోవాల్నంట. నా బీరువల చూస్తే అన్ని ఎరుపు, పసుపే. రేపు డ్యూటీకి నీ రెండో అంగీ ఏస్కో, జేబు కుట్టి తీగ మీద ఆరేసిన. వంకాయ కూర పొయ్యి మీదుంది, రాంగనే వేడి చేస్కో. నల్లా వస్తే డ్రమ్ము నింపు.

కింద అక్కోళ్ళ బండి హారన్ కొడుతుంది. నువ్వు గూడ వస్తనని పిల్లకు మాటిచ్చి, ఆఖరుకు యాదగిరన్న డ్యూటీ మీదేస్కున్నవు. వాళ్ళింట్ల పెండ్లుంటే ఉండనీ, కంపెనీల ఇంకో మనిషే దొరకలేదా?

పిల్ల పొద్దటిసంది ఒక్కటే అడుగుడు. ఏనుగు నిలబడే నిద్రపోతదా? మందల ముసలి ఆడ ఏనుగు ఎటు పోతే అందరు అటే పోతరంట, నిజమేనా? అంత పెద్ద జీవం నడిస్తే చప్పుడే గాదంట. నువ్వు చెప్పులు ఈడ్చుకుంట వస్తే వాడకట్టంత లేస్తది! ఇవన్ని నాకు గూడ చూడాల్ననే ఉంది.

సోమవారం పొద్దుగాల వస్తం.
సువర్ణ

అగో, ఒకటి మరిశిన. ఈ అంగీ ఎన్నిసార్లు ఉతికినా మిషన్ నూనె వాసన పోతలేదు. ఏనుగుకు శాన దూరం నుంచే వాసన తెలుస్తదంట. మా అందరికంటే ముందుగాల అది పసిగట్టేది నిన్నే, రానోన్ని.