పోతయ్య ఇంటి పడమటి వాలు

మద్రాసు,
20 ఏప్రిల్ 1986.

బాబాయికి హైమ నమస్కారాలు. మీరంతా బాగున్నారని పిన్ని కార్డు చూసి తెలుసుకునే రాస్తున్నాను.

బస్సులో కెమెరా పెట్టెను ఒళ్లో పెట్టుకునే వచ్చాను. దానికి దెబ్బలు తగలలేదు, నాకు తగిలాయి. ఇక్కడ మా సినిమా చదువు రెండో ఏడు అయిపోవస్తోంది. పొద్దున క్లాసులు, సాయంత్రం పన్నెండు మందిమి ఒక్క ఎడిటింగ్ టేబుల్ కోసం కొట్లాట. హాస్టల్లో వంకాయ కూరలోనూ కొబ్బరి వేస్తారు.

మన చేలో పనికొచ్చే పోతయ్య ఇంటికి గడ్డి కప్పడం సినిమాగా తీస్తుంటే, తూర్పు వాలు అయ్యేసరికి ఫిల్ము అయిపోయింది కదా. పడమటి వాలు ఆపమని అతనితో చెప్పే వచ్చాను. అయినా నువ్వు కూడా ఒక మాట చెప్పు. ముందు తీసిన సగానికీ తర్వాత తీసే సగానికీ తేడా కనిపిస్తే మా సార్ ఊరుకోరు. పది రోజుల్లో మిగతా ఫిల్ముతో వస్తాను. అప్పటిదాకా ఎక్కడిదక్కడే ఉండాలి. జూన్ ఇరవైలోగా సినిమా ఇవ్వకపోతే ఏడాది పోతుంది. నాన్న అప్పుడే బీఎడ్ ఫారం తెచ్చి బీరువాలో పెట్టాడు.

నీ హైమ

తా.క. నేను డైరెక్టర్నని పిన్నితో అనకు. హీరో ఎవరని అడుగుతుంది. హీరో గడ్డి.


చండ్రుగొండ,
30 ఏప్రిల్ 1986.

చిరంజీవి హైమకు, ఇక్కడ పోతయ్య ఇల్లు తప్ప అన్నీ పూర్తిగానే ఉన్నాయి.

నీ ఉత్తరం 26న అందింది. ఆ పూటే గూడెం వెళ్లాను. పోతయ్య మాట మీదే ఉన్నాడు. నిచ్చెన కూడా ఆనించిన చోటే ఉంది. ఎక్కడిదక్కడే అన్నావు కనుక నా వంతు జాగ్రత్తలు తీసుకున్నాను. పోతయ్య చొక్కా ఉతకొద్దని అతని భార్య ముత్తక్కకు చెప్పాను. నీ సినిమాలో గడ్డి అందించిన దూలయ్య గడ్డం గీసుకోబోతుంటే ఆపాను. మేకలను లెక్కపెట్టాను. పద్నాలుగు.

పోతయ్య ఒక్కడే కాదు, గూడెంలో మిగిలిన పది ఇళ్లవాళ్లూ నీ కోసం ఎదురుచూస్తున్నారు. కనపడినప్పుడల్లా ఎప్పుడొస్తావని అడుగుతున్నారు. తారీఖు రాయి.

ఆశీస్సులతో,
వెంకటనారాయణ

తా.క. మేకల్లో ఒకటి నిన్న ఈనింది. పిల్లను ఏం చేయమంటావు?


మద్రాసు,
9 మే 1986.

బాబాయికి నమస్కారం పెట్టి, ఆ వెంటనే క్షమాపణ.

ఫిల్ము రాలేదు. రోజూ స్టోర్సుకు వెళ్తున్నాను. అక్కడి ఆయన నన్ను చూడగానే తల అడ్డంగా ఊపుతున్నాడు, నేను నోరు తెరవకముందే. ఇంకో రెండు వారాలట.

పది ఇళ్లవాళ్లు ఎదురుచూస్తున్నారని రాశావు. గూడెంలో సినిమా మోజు ఇంత ఉందనుకోలేదు. కానీ నాకిచ్చే ఫిల్ము అయిదు నిమిషాలకే వస్తుంది, అందరినీ తీయలేను. వాళ్ల ఇళ్లు నాకు అక్కర్లేదు, పోతయ్య ఇల్లు ఒక్కటే చాలు. నొచ్చుకోకుండా నచ్చజెప్పు. నువ్వు చెబితే వింటారు.

హైమ

తా.క. మేకపిల్లను పెరగనివ్వు. కెమెరా ముందుకు రాకపోతే చాలు.


చండ్రుగొండ,
19 మే 1986.

చిరంజీవి హైమకు, ఈసారి క్షేమ సమాచారం చివర్లో రాస్తాను.

నీ ఉత్తరం గూడెంలో చదివి వినిపించాను. గూడెం పెద్ద బొజ్జయ్య, "అక్కర్లేదంటె ఏంది పటేలా? మేం తడవాల్నా?" అన్నాడు. సంగతి నీకు తెలియదని అప్పుడు నాకు తట్టింది. నీకు తెలుసనుకున్నాను, అది నా తప్పు.

అక్కడ ఎవరి ఇల్లు వాళ్లు కప్పుకోరు. ఊరంతా కలిసి రోజుకొక ఇల్లు కప్పుతారు. ఆ పూట తిండి ఇంటివాళ్లు పెడతారు. మొదటి ఇల్లు పూర్తికాకుండా రెండోది ఎక్కరు. ఈ ఏడు మొదటి వంతు పోతయ్యది. అది సగంలో ఆగింది కనుక మిగిలిన పదీ ఆగాయి. పాత గడ్డి అందరూ ముందే దించేశారు. వాళ్లు ఎదురుచూస్తున్నది ఫొటో కోసం కాదు.

నిన్న గాలివాన వచ్చింది. పోతయ్య వాళ్లు, దూలయ్య వాళ్లు, ఇంకో రెండు కుటుంబాలు పొగాకు ఆరబెట్టే మన బ్యారన్‌లోకి వచ్చారు. మేకలూ వచ్చాయి. మీ పిన్ని భారతమ్మ నాతో ముక్తసరిగా మాట్లాడుతోంది. అసలు వానకు మూడు వారాలే ఉంది. ఏం చేయమంటావో రాయి. మేమంతా క్షేమం.

వెంకటనారాయణ

తా.క. దూలయ్య గీసుకోకుండా ఆపగలిగాను గానీ గడ్డం పెరగకుండా ఆపలేకపోయాను. ఇప్పుడు గీస్తే తేడా, గీయకపోతే తేడా.


మద్రాసు,
26 మే 1986.

బాబాయికి హైమ రాస్తున్నది. ఈ ఉత్తరం కంటే ముందు నా టెలిగ్రాం చేరుతుంది. అందులో ఉన్నదే ఇక్కడా రాస్తున్నాను. కప్పేయమని చెప్పు. పోతయ్యదీ, అందరివీ.

నాలుగు రోజులు గూడెంలో ఉన్నాను. కెమెరాలోంచి పోతయ్య ఇల్లే చూశాను. పక్క ఇళ్ల మీద గడ్డి లేదని చూడలేదు. చూసి ఉంటే అడిగేదాన్ని. బొజ్జయ్యకు నా మాటగా తప్పు నాదని చెప్పు. ముత్తక్కకు కూడా.

సినిమా పూర్తికాదని సార్‌తో చెప్పాను. ఇంకొకటి మొదలుపెట్టే టైము లేదన్నారు. నాకూ తెలుసు. నాన్నకు నేనే రాస్తాను, నువ్వు రాయకు.

హైమ

తా.క. ఫిల్ము ఇవాళ పొద్దున వచ్చింది. డబ్బా నా మంచం మీదే ఉంది.


చండ్రుగొండ,
2 జూన్ 1986.

చిరంజీవి హైమకు, మీ నాన్నకు రాసి ఉంటే ఇంకో ఉత్తరం రాసి దాన్ని రద్దు చెయ్యి.

టెలిగ్రాం 27 సాయంత్రం వచ్చింది. మర్నాడు పొద్దున్నే పట్టుకుని గూడెం వెళ్లాను. అప్పటికే ఆరు ఇళ్లు కప్పి ఉన్నాయి. మొదటిది పోతయ్యదే. బ్యారన్‌లో ఉన్నవాళ్లు వారం నుంచీ రోజూ అడవికని చెప్పి వెళ్లింది ఇందుకట. ఎవరి నిర్ణయమని అడిగాను. తనదేనని ముత్తక్క చెప్పింది. నాతో ఎందుకు చెప్పలేదన్నాను.

"నీకు చెప్తె పిల్లకు రాస్తవు. పిల్ల ఏడుస్తది."

మరి పిల్ల సినిమా ఏం కావాలని అడిగాను. గడ్డి కట్టలు కడుతూ, తల ఎత్తకుండా చెప్పింది.

"ఏం గాదు పటేలా. నాల్గు రోజులు ఆమె పక్కనే కూసున్న. మా మొగాలు తియ్యలే, ఇల్లంతా తియ్యలే. చేతులు తీసింది, గడ్డి తీసింది. గడ్డికి ఇంటిపేరు ఉంటదా? ఏ ఇల్లు సగముంటె అదే సగం."

మిగిలిన వాటిలో నాలుగు ఆ రోజు నుంచి నాలుగు రోజుల్లో కప్పారు. చివరిది దూలయ్యది. తూర్పు వాలు నిన్న అయింది, పడమర నీ కోసం ఆపారు. నువ్వు కెమెరా పెట్టిన ఎత్తులోనే పీట వేసుకుని కూర్చుని చూశాను. గడ్డి, తాడు, చేతులు. అది పోతయ్య ఇల్లు కాదని నేను రుజువు చేయలేకపోయాను. పన్నెండో తారీఖు దాకా ఆగుతామని బొజ్జయ్య మాట ఇచ్చాడు. వాన ముందే వస్తే కప్పేస్తారు. దూలయ్య వాళ్లు అప్పటిదాకా బ్యారన్‌లోనే ఉంటారు. మీ పిన్ని ఒప్పుకుంది. ఉత్తరం ఆలస్యమైతే కష్టమని టెలిగ్రాం కూడా ఇస్తున్నాను. జల్దీ బయల్దేరు.

వెంకటనారాయణ

తా.క. ఈ కిటుకు నేర్పడానికి మద్రాసులో ఎన్నేళ్లు పడుతుందని ముత్తక్క అడిగింది. మూడేళ్లని చెప్పాను. నీ కోసం జాలిపడింది.