మనవరాలంత బియ్యం

అక్టోబర్ 3, ఉదయం 6

పుట్టింది! ఆడపిల్ల! రెండుసార్లు కడుపు పోయిన నా బిడ్డ రీనాకు ఏడో నెలలోనే పుట్టేసింది. జగదల్‌పూర్ ఆసుపత్రి నుంచి అల్లుడు ముకేష్ ఫోన్ చేశాడు. పదమూడు వందల గ్రాములేనట. గాజుపెట్టెలో పెట్టారట, మిషన్‌తో ఊపిరి. పది రోజులు గడిస్తేగాని ఏమీ చెప్పలేమన్నారట. లోపలికి ఒక్కరినే పంపుతారు, నువ్విప్పుడు రాకు మామా అన్నాడు. అయినా ప్రభువా, స్తోత్రం! తాతనయ్యాను!

10 గంటలు

అటక మీంచి తక్కెడ దింపాను. మా కోంటా సంతలో షావుకారు కొట్టు ముందు ముప్పై ఏళ్లు చింతపండు, ఇప్పపువ్వు తూచిన చేతులు ఇవి. పదమూడు వందల గ్రాముల బియ్యం తూచి, నా ఇల్లాలు సుధామణి కుట్టిన గుడ్డసంచిలో పోశాను. పిల్ల పెరిగినకొద్దీ బియ్యం పెంచుతా. ఇంటికొచ్చేనాటికి చర్చిలో కృతజ్ఞతార్పణ ఇస్తా. పక్కింటి హుంగే తొంగిచూసి, ఏంది తాతా, ఈ వయసుల కొట్టు పెడుతున్నవా అని ఒకటే నవ్వు.

అక్టోబర్ 4

సుధామణి పోయి మూడేళ్లు. ఉంటే ఈపాటికి వీధంతా చెప్పేది. ఎసరు పెట్టిన ప్రతిసారీ దేవుడికని పిడికెడు బియ్యం తీసి డబ్బాలో వేసేది. తేలు కుట్టిన వారం కూడా చర్చిలో దేవుని మేలు చెప్పే సాక్ష్యానికి లేచి, రెండో కాలు బాగానే ఉంది, స్తోత్రం అని అందరినీ నవ్వించింది.

అక్టోబర్ 7

పిల్ల అరవై గ్రాములు తగ్గింది. సంచిలోంచి అరవై గ్రాములు తీసేశాను. తక్కెడ ముల్లు సరిగ్గా నడుమ నిలిచింది.

అక్టోబర్ 8, తెల్లవారుజామున

తీసిన బియ్యం గిన్నెలో అలాగే ఉంది.

శబరి నది వరద మా ఇంటిని ఎత్తుకుపోయిన ఏడాది గుర్తొచ్చింది. బడిలో తలదాచుకున్నాం. రీనాకు నాలుగేళ్లు. మనిషికి ఇంత అని కొలిచి ఇచ్చిన బియ్యంలోంచి కూడా సుధామణి పిడికెడు తీసింది. నాకు ఒళ్లు మండింది. ఇల్లు తీసుకున్నోడికి ఇంకేమిస్తవే అని అందరిముందు అరిచాను. ఆమె రీనాను ఒళ్లోకి లాక్కుని, దేవుని దగ్గర గూడ ముల్లు చూస్తవా అయ్యా అంది. అంతే. ఆ పిడికెడు, మాతోపాటు బడిలో ఉన్న ముసలి లక్కేకు గంజి అయింది.

అరవై గ్రాములు మళ్లీ సంచిలో పోశాను. పైన ఒక పిడికెడు. పిల్ల ఉంటుందో లేదో నాకు తెలియదు. ఉన్న ఈ ఐదు రోజులకు స్తోత్రం.

అక్టోబర్ 15

మిషన్ తీసేశారు! సొంత ఊపిరి! రీనా వీడియోలో చూపించింది. పాదం నా బొటనవేలంత! నాయనా ఏడవకు, నాకూ ఏడుపొస్తది అంది. ఇద్దరం ఏడ్చాం.

అక్టోబర్ 16

రోజూ పిడికెడు పోస్తున్నాను, పిల్ల బరువు పెరిగినా తగ్గినా. తక్కెడ హుంగేకు ఇచ్చేశాను.

నవంబర్ 9, ఆదివారం

రేపు డిశ్చార్జ్! రేపే కోంటాకు!

సుధామణి ఉన్నన్నాళ్లూ ఆమె పక్కన నోరు మూసుకు కూర్చున్నవాణ్ణి, ఇవాళ సాక్ష్యానికి లేచాను. తగ్గిన అరవై గ్రాములతో మొదలుపెట్టాను. ఆ తర్వాత వరద, బడి, లక్కే గంజి, తేలు కూడా చెప్పాను. ఆపడం చేతకాలేదు. పాస్టరుగారు, తాతా, ఇళ్లల్ల కూరలు చల్లారుతున్నయ్ అన్నారు. సంచి అందుకుని, అబ్బో, ఎన్ని కిలోలు అని అడిగారు.

తెలియదన్నాను.

నవంబర్ 10, సాయంత్రం 5

వచ్చారు. ఎడంచేత్తో రాస్తున్నాను. కుడిచేయి ఖాళీ లేదు.