సిస్టరమ్మ హస్తవాసి

5 ఫిబ్రవరి 1968, సోమవారం

పొద్దున్న ముప్పై రెండు ఇంజెక్షన్లు, తొమ్మిది డ్రెస్సింగులు. అన్నీ నేనే. కొత్త నర్సు కన్యాకుమారి సూది పట్టుకుని దగ్గరికి వెళ్తే జనం చెయ్యి లాగేసుకుంటున్నారు. లక్ష్మణమ్మ సిస్టరే కావాలట, ఆవిడ హస్తవాసి మంచిదట. విజయనగరంలో ఈ ధర్మాసుపత్రికి సగం పేరు నా చేతి వల్లే వచ్చిందని గణపతిరావు డాక్టరు గారు అందరి ముందూ అన్నారు. పైకి ఊరుకున్నాను గానీ లోపల పొంగిపోయాను. పద్దెనిమిదేళ్ల సర్వీసు. ఆ మాత్రం పొంగితే తప్పేమిటి?

కన్యాకుమారి మంచం మంచానికీ పంపు దగ్గరికి పరిగెత్తి సబ్బుతో చేతులు కడుగుతుంది. నేను లోషన్ బేసిన్లో ఒకసారి ముంచి తీస్తాను. నీ లెక్కన చేస్తే డ్రెస్సింగులు సాయంత్రానికి అవుతాయే అని నవ్వాను.

నాలుగో బెడ్‌లో గున్నమ్మ. పొందూరు మనిషి, ఖద్దరు నూలు వడుకుతుంది. నిన్న అపెండిక్స్ తీశారు. ఆరు నెలల పాపని అత్త దగ్గర వదిలి వచ్చింది.

8 ఫిబ్రవరి, గురువారం

గున్నమ్మకి ఊసుపోవడం లేదు. మొగుడు అసిరయ్య సంచిలో కాస్త పత్తి, వాలుగ చేప దవడ ఎముక తెచ్చాడు. ఆ దవడకి ఉన్న సన్నటి పళ్లతోనే వాళ్లు పత్తి దువ్వుతారు. అసిరయ్య తల్లి ఇరవై ఏళ్లు వాడిన ఎముకట. పని లేకపోతే దీని సేతులు ఊరుకోవు సిస్టరమ్మా, దగ్గర ఉండనీ అని బతిమాలాడు. సరే అన్నాను.

నువ్వు కట్టిప్పితే నొప్పే తెలీదమ్మా అంది గున్నమ్మ. ఆ మాటకి ఇంకో దిండు ఇచ్చాను.

10 ఫిబ్రవరి, శనివారం

గున్నమ్మ కుట్ల చుట్టూ ఎరుపు. జ్వరం నూట ఒకటి.

12 ఫిబ్రవరి, సోమవారం

నేను కట్టిన కట్టు కింద చీము!

దిండు కింద ఆ ఎముక కనబడింది. ఒళ్లు మండిపోయింది. చేప కంపు తెచ్చి పచ్చి పుండు పక్కన పెడతారా, మీకు బుద్ధుందా అని వార్డంతా వినేలా అసిరయ్యని కడిగేశాను. ఆ ఎముకని సిరంజీలు మరగబెట్టే పొయ్యిలో పడేశాను. గున్నమ్మ చెయ్యి చాపింది, అందలేదు. అసిరయ్య తల వంచుకుని, నానే తెచ్చినానమ్మా, తప్పు నాదే అన్నాడు.

నేనే సరే అన్న సంగతి అతను ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

15 ఫిబ్రవరి, గురువారం

పెన్సిలిన్ రెట్టింపు చేశారు. స్ట్రెప్టోమైసిన్ కలిపారు. టెట్రాసైక్లిన్ కాప్స్యూల్స్ మింగిస్తున్నాం. జ్వరం దిగడం లేదు.

ఆరో బెడ్ హెర్నియా ముసలాయనకీ చీము పట్టింది. తొమ్మిదో బెడ్‌కి కూడా. వాళ్ల దిండ్ల కింద ఎముకలేమీ లేవు. ఈగల వల్ల, అన్నాను. డాక్టరు గారు చీము సీసాల్లో పెట్టి విశాఖపట్నం పంపించారు.

19 ఫిబ్రవరి, సోమవారం

రిపోర్టు వచ్చింది. ముగ్గురి చీములోనూ ఒకటే క్రిమి, కంటికి కనబడని పురుగు. మేమిచ్చే ఏ మందూ దాన్ని ఏమీ చెయ్యడం లేదు. డాక్టరు గారు కాగితం మడిచి, ఇది పొందూరు నుంచి వచ్చింది కాదమ్మా, ఆసుపత్రుల్లో మనమే మందులు పోసి పెంచుకున్నది అన్నారు. అందరికీ, అన్నింటికీ పెన్సిలిన్. చచ్చేవి చచ్చాయి, మొండివి మిగిలాయి.

మద్రాసులో ఒక కొత్త మందు ఉందట. టెలిగ్రాం ఇచ్చారు.

గున్నమ్మకి పాలు ఇంకా పడుతున్నాయి. గిన్నెలోకి పిండుకుని, పారబొయ్యమని నాకిస్తుంది. ఇచ్చేటప్పుడు నా ముఖం చూడదు.

21 ఫిబ్రవరి, బుధవారం

విశాఖపట్నం నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. ఆ పురుగు ఎవరి దగ్గరుందో చూడ్డానికి స్టాఫ్ అందరి ముక్కుల్లో, చేతుల మీద దూది పుల్లలు రాసి ట్యూబుల్లో పెట్టుకుంది. అందరికంటే ముందు నేనే వెళ్లి నిలబడ్డాను. చూసుకోమ్మా, నా ముక్కులో ముత్యాలు దొరుకుతాయి అన్నాను. కన్యాకుమారి నవ్వింది.

23 ఫిబ్రవరి, శుక్రవారం

గున్నమ్మ పోయింది. ఉదయం పది గంటలకి. మద్రాసు మందు మధ్యాహ్నం మెయిల్ రైల్లో దిగింది.

బండి మాట్లాడుకుని వచ్చి అసిరయ్య నన్ను ఒకటే మాట అడిగాడు. ఆ ఎముక వల్లేనా సిస్టరమ్మా, అని. పంతొమ్మిదో తారీఖు రిపోర్టు నాకు తెలుసు. అయినా తలూపాను. ఎందుకూపానో తెలియదు. కాదు, తెలుసు. అతను తరవాత అడగబోయే మాట, మరైతే దేనివల్ల, అని. దానికి నా దగ్గర జవాబు లేదు.

27 ఫిబ్రవరి, మంగళవారం

జవాబు ఉంది ఇప్పుడు.

పదకొండు మందికి చూశారు. పదిమందిలో లేదు. నా ముక్కులో ఉంది, నా కుడిచేతి మీద ఉంది. అదే పురుగు. మందులకి లొంగకపోవడంలో కూడా అచ్చం అదే. డాక్టరు గారు తలుపు వేసి మెల్లగా చెప్పారు. సిరంజీలో గాలి పోవడానికి పైకెత్తి రెండు చుక్కలు చిమ్ముతాం కదా. పద్దెనిమిదేళ్లుగా రోజూ ఆ తుంపర నా ముఖం మీద పడింది, ఊపిరితో లోపలికి పోయింది. పెన్సిలిన్‌కి చచ్చే పురుగులన్నీ అక్కడ చచ్చాయి. చావనిది ఖాళీ జాగాలో కాపురం పెట్టింది. ముక్కు నుంచి చేతికి, చేతి నుంచి కుట్లకి. నాకు జ్వరం లేదు, పడిశం కూడా లేదు. పట్టెడన్నం హరాయించుకుని తిరుగుతున్నాను.

అందరికీ నా హస్తవాసే కావాలి. అందరికీ అదే పంచాను.

ఇది ఎవరి తప్పూ కాదు, ఎవరితోనూ అనకు, ఆసుపత్రి మూతపడుతుంది అన్నారు డాక్టరు గారు. ముక్కుకి ఆయింట్‌మెంట్ రాసిచ్చారు. నీరసం అని రాసి రెండు వారాలు సెలవు పెట్టించారు. నాకు ఆయన మీద కోపం వచ్చింది. ఆ కోపం నా మీదిదే, మనిషి ఎదురుగా ఉన్నాడని ఆయన మీదికి పోయింది.

ఇంటికొచ్చి చేతులు కడిగాను. మళ్లీ కడిగాను. కన్యాకుమారిలాగే.

4 మార్చి, సోమవారం

కన్యాకుమారి చూడ్డానికి వచ్చింది. ఆరో బెడ్, తొమ్మిదో బెడ్ కొత్త మందుతో తేరుకున్నారట. వారం నుంచి కొత్తగా ఒక్క కుట్టూ చీము పట్టలేదట. మీరు లేక అందరూ బెంగపెట్టుకున్నారు సిస్టర్ అంది. దానికేమీ తెలియదు.

9 మార్చి, శనివారం

ప్యాసింజరెక్కి పొందూరు వెళ్లాను.

అసిరయ్య వాకిట్లో పీట వేశాడు. రాట్నం అటక మీద ఉంది. వాళ్లమ్మ వడకడం మానేసిందట. కోడల్ని పొట్టన పెట్టుకున్న ఎముక నాదే, ఇంక పత్తి ముట్టను అని కూర్చుందట. చుట్టుపక్కల ఇంకో రెండిళ్లలో ఎముకలు ఏట్లో పారేశారట. సిస్టరమ్మ సెప్పింది కదా అని.

చెప్పేశాను. ఎముక కాదు, నేను. నా ముక్కులో, ఈ చేతుల్లో ఉంది, రిపోర్టు ఉంది, ఆ రోజు నీతో అబద్ధం ఆడాను అని మొత్తం చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టించుకోవాలనే వెళ్లాను. అసిరయ్య, అలగ అనీకమ్మా, దాని పుండు నీలాగ ఎవుల్ సూస్తారు, నా మనసు సల్లబడాలని తప్పు నీ మీదేసుకుంతన్నావు అన్నాడు. వాళ్లమ్మ నా చేతులు పట్టుకుని కళ్లకద్దుకుంది. లాక్కున్నాను. ముసలామె బిత్తరపోయింది.

తిరుగు బండిలో ఏడుపు రాలేదు. నేను చెప్పిన అబద్ధాన్ని ఒక్క మాటకి నమ్మారు. నిజాన్ని నమ్మించడం నా వల్ల కాలేదు.

11 మార్చి, సోమవారం

సెలవు ఇంకా ఉంది. నా ముక్కు మళ్లీ చూసి పంపిన రెండో రిపోర్టు రాలేదు. మనుషులు చాలడం లేదు, రమ్మని కబురు. వెళ్లాను, గుమ్మం దాటలేదు.

వరండాలో అసిరయ్య. పాప తొడ మీద సెగ్గడ్డ లేచింది. కన్యాకుమారిని దగ్గరికి రానివ్వడం లేదు. మొన్న మా కోసరం తప్పంతా నీ మీదేసుకున్నావు, నీ సెయ్యే పడాల అని పాపని నాకు చాపాడు.

చేతులు వెనక్కి కట్టుకున్నాను. అతను చాపిన చేతులు దించలేదు.