మబ్బు విడిచిన ఒక్క సాయంత్రం

లూయిస్ దీవి,
మే నెలాఖరు.

ప్రియమైన టార్కిల్‌కు,

నీ డోలినా రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం, కుక్క క్షేమం, గొర్రెలు క్షేమం. మీ అమ్మ ఆరోగ్యానికి లోటేమీ లేదు. మీ అన్న ఫిన్లే మాత్రం క్షేమంగా లేడు, అది నా చేతి చలవే. ఆ మంచు సముద్రంలో, నీ ఓడ ఇంజన్ల గదిలో నువ్వు వెచ్చగా ఉన్నావని తలుస్తాను.

నీ ఉత్తరం పోయిన వారం అందింది. అడిగినవాటికి ముందు జవాబులు చెప్పేస్తాను. ఇంటికప్పు కారడం లేదు. పడవకు తారు పూయించాను. గొర్రెపిల్లలు బాగానే దక్కాయి, ఒకదాని కళ్లు మాత్రం కాకులు పొడిచేశాయి. "అన్నతో సఖ్యంగా ఉండు, నేను లేనప్పుడు నీకు దిక్కు ఆయనే" అని రాశావు. అది చదివి ఉత్తరాన్ని సొరుగులో పడేసి, సొరుగును కాలితో తన్ని మూశాను. ఆ దిక్కు ఏం చేశాడో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. వాడి ఉత్తరం కూడా ఈపాటికి బయల్దేరే ఉంటుంది. ఇదివరకు వాడిని 'ఆయన' అని రాసేదాన్ని, ఇక నా చేత కాదు.

తోకచుక్క ఫోటో వచ్చిందా అని కూడా అడిగావు. వచ్చింది. చాలా బాగా వచ్చింది. ఎలా వచ్చిందో మొదటినుంచీ చెబుతాను.

నువ్వు వెళ్లేటప్పుడు నీ పాత కెమెరా వదిలి, "దీంతో ఆడుకో, పొద్దుపోతుంది" అన్నావు. నేను ఆడుకోలేదు, పోట్లాడాను. గ్రంథాలయం బండిలో ఒక పుస్తకం దొరికింది. ఫలానా నెలలో ఫలానా నక్షత్రాలను ఇలా తీయండి అని ఉంది అందులో. అది రాసినవాడు మన దీవికి ఎన్నడూ వచ్చినట్టు లేడు. మబ్బు తప్ప మరేదీ లేని ఆకాశం కింద ఏం చేయాలో ఒక్క ముక్క రాయలేదు. మూడుకాళ్ల స్టాండును గాలి పడగొడుతుంటే బంగాళదుంపల సంచి వేలాడదీశాను. అద్దం మీద మంచు పడుతుంటే వేడినీళ్ల సీసా నీ ఉన్ని మేజోడులో పెట్టి లెన్సుకు చుట్టాను. ఒక రీలంతా లెన్సు మూత తీయకుండానే తీశాను. మరో రీలు కడిగినవాడు, ఫిల్ము ఖాళీగా ఉందనుకుని, బొమ్మల మధ్యలోంచి కత్తిరించేశాడు. రీలు మొదట్లో పగటిపూట ఒక ఫోటో తీస్తే వాడికి ఎక్కడ కత్తిరించాలో తెలుస్తుందని ఆ తర్వాత నాకు తెలిసింది.

ఊళ్లోవాళ్లు ఊరుకుంటారా! రొట్టెల కొట్టు కెన్నీనా నన్ను చూడగానే, "ఏమ్మాయ్ డోలినా, మబ్బులు ఈసారి నవ్వాయా, మూతి ముడుచుకునే ఉన్నాయా?" అనేది. మీ అన్న అయితే, చర్చి పెద్ద, కీర్తన ఎత్తుకునేవాడు అయ్యుండీ, చర్చి మెట్ల మీద నలుగురినీ పోగేసి, "మా మరదలు నల్ల దుప్పటికి ఫోటోలు తీస్తోందర్రా. పాపం, ఇంట్లో మొగుడు లేడు కదా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వును మాత్రం నేను మర్చిపోలేదు.

ఫిబ్రవరిలో తోకచుక్క వచ్చింది. అది మళ్లీ రావాలంటే వేల ఏళ్లు పడుతుందట. ఊళ్లో ఎవరూ దాన్ని సరిగ్గా చూడలేదు, అంత మబ్బు. రోజూ పొద్దుగూకే వేళకి మన ఇంటి వెనక స్టాండు పెట్టడం, వానలో తడిసి లోపలికి రావడం, ఇదే నా పని. మార్చిలో ఒక్క సాయంత్రం మబ్బు విడిచింది. గాలి కూడా ఆగింది. నువ్వు బురదనేలలోంచి కోసి, పొయ్యిలోకని ఎండబెట్టి, చేపముల్లులా పేర్చి వెళ్లిన పీట్ గడ్డల కుప్ప ఉంది చూడు, సరిగ్గా దాని మీద నిలబడి ఉంది తోకచుక్క, తోక పైకెత్తి. నాకు ఏడుపొచ్చింది. తీశాను. ఆ సాయంత్రం గురించి నీకు పోయిన ఉత్తరంలో పూర్తిగా రాయలేదు, ఎందుకో ఇంకాస్త కిందికి వెళ్తే నీకే తెలుస్తుంది.

రీలు ఎప్పటిలాగే ఫిన్లే చేతికిచ్చాను. దాణా కోసం స్టోర్నవే వెళ్లేది వాడే, నా రీళ్లు మందుల షాపులో కడిగించుకొచ్చేదీ వాడే. తిరిగొచ్చి గుమ్మంలోనే నిలబడి, "ఏం రాలేదు మరదలా. మొత్తం నలుపే. కడిగిన కుర్రాడు కూడా నవ్వాడు. ఖాళీ ఫిల్ము మోసుకురావడం దేనికని అక్కడే పారేయించా" అన్నాడు. నేను గొర్రెల కొట్టంలోకి వెళ్లి గోడకి తల ఆనించి ఏడ్చాను. తర్వాత ఏప్రిల్ అంతా మబ్బే. తోకచుక్క వెళ్లిపోయింది.

ఈ నెల మొదట్లో ఊరి హాల్లో వసంతపు పోటీలు జరిగాయి. నా జామ్ సీసా పెట్టడానికి పొద్దున్నే వెళ్లాను. ఎదురు గోడ మీద, కిటికీ అంత పెద్దది చేయించి, చట్రం కట్టించి, నా తోకచుక్క. కింద మన పీట్ కుప్ప. దాని కింద అచ్చక్షరాల్లో 'ఫిన్లే' అని పేరు. ఫోటోలకు ముందురోజే తీర్పు చెప్పేశారట, పక్కన అప్పటికే ఎర్ర రిబ్బను గుచ్చారు, మొదటి బహుమతి. నా చేతిలో సీసా పగలలేదు, అదే ఆశ్చర్యం.

నీకు తెలియంది కాదు. చిన్నప్పుడు నీ గాలానికి పడ్డ చేపను తన గాలానికి పడిందని ఊరంతా చెప్పుకున్నాడని నువ్వే చెప్పావు. "పోనీలే, అన్న కదా" అని నువ్వు వదిలేశావు. నేను నీలాంటిదాన్ని కాను. వెళ్లి అడుగుదామా, కేకలు వేద్దామా అనుకుని, ఆగాను. వాడు ఇంత ధైర్యంగా ఎందుకు పెట్టాడో అప్పుడు అర్థమైంది. ఆ ఫోటో నాదని నేను నోరు తెరిచి చెప్పలేనని వాడికి తెలుసు.

మధ్యాహ్నం బహుమతులు. పాస్టరుగారు ఎర్ర రిబ్బను వాడి కోటుకి గుచ్చి రెండు మాటలు మాట్లాడమన్నారు. వాడు గొంతు సవరించుకున్నాడు. "ఎన్నాళ్లో కాపు కాశాను. నా ఓర్పు చూసి దేవుడే మబ్బు తెర పక్కకి లాగాడు" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. "బావగారూ, ఏ రోజు లాగాడండీ?"

"మార్చిలోనమ్మా."

"మార్చిలో ఏ రోజు?"

"ఏదో మంగళవారం."

అంతే, వెనక బెంచీలో ముసలి ఇవాండర్ కదిలాడు. మనవాళ్ల సంగతి నీకు తెలుసు కదా, పెళ్లిరోజు మర్చిపోతారు గానీ వాన రోజు మర్చిపోరు. "మంగళవారమా? మార్చిలో అన్ని మంగళవారాలూ కురుస్తూనే ఉందిరా అబ్బాయ్. మా ఆవు ఈనింది మంగళవారమే, కొట్టంలో మోకాల్లోతు నీళ్లు."

"అయితే బుధవారమేమో" అన్నాడు ఫిన్లే.

"బుధవారాల్లో గాలికి ఓడే రాలేదుగా! పిండి లేక కొట్టు మూసుకున్నా" అంది కెన్నీనా.

"గురువారం మా నాన్నని పూడ్చాం" అన్నాడు ఇంకొకడు. "పెట్టె మోసినవాళ్లందరం తడిసి ముద్దయ్యాం. నువ్వూ మోశావు కదా ఫిన్లే, బూట్లలో నీళ్లు ఒంపుకున్నావు."

వాళ్లెవరికీ అనుమానం లేదు, టార్కిల్. వాన లెక్క తప్పుగా చెబుతున్నాడనే వాళ్ల బాధంతా. ఒకరి మీద ఒకరు పడి వారాలన్నీ దులిపేశారు. చివరికి ఇవాండరే, "నెల మొత్తానికి తెరిపిచ్చింది ఒక్క సాయంత్రం. మనం చర్చిలోంచి బయటికొచ్చేసరికి నక్షత్రాలు..." అని, నోరు మూసుకున్నాడు. అందరూ ఫిన్లే వైపు తిరిగారు. ఆదివారం దేవుడి విశ్రాంతి రోజు, ఏ పనీ ముట్టకూడదు; ఆ రోజు తీగ మీద తడి తువ్వాలు కనిపిస్తే ఏడాది పొడుగునా చెప్పుకునే ఊరు మనది. చర్చి పెద్ద ఆదివారం ఫోటో తీశాడా?

ఫిన్లే మొహం పాలిపోయింది. అవునంటే ఆదివారం చెడగొట్టినవాడు, కాదంటే దొంగ. ఆ మొహాన్ని నేను కళ్లారా చూశాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అక్కడితో కూర్చోవచ్చు, నాకు నష్టమేమీ లేదు. కానీ నా తోకచుక్క పేరు లేనిదైపోతుంది.

"ఆదివారమే" అన్నాను. "కానీ బావగారికి ఆ పాపం అంటదు. ఆ సాయంత్రం ఆయన చర్చి ముందు వరసలో అత్తయ్య పక్కన నిలబడి కీర్తన ఎత్తుకుంటున్నారు. మీరందరూ విన్నారు. గాలి లేదు కదా, మా ఇంటి వెనక్కి నాకూ వినబడింది. ఆయన ఒక పాదం ఎత్తి, మీరందరూ దాన్ని అందుకుని ముగించేసరికి అరనిమిషం. ఆ కొలతతోనే షట్టరు తెరిచి మూశాను. ఫోటో నాది. తలనొప్పి అని చెప్పి ఇంట్లో ఉండిపోయాను. తలనొప్పి అబద్ధం."

ఇదీ నీకు దాచిన సంగతి. నీ భార్య ఆదివారం సాయంత్రం ఆరాధన ఎగ్గొట్టి ఆకాశానికి కెమెరా పెట్టింది.

పాస్టరుగారు వాడి కోటు మీద రిబ్బను తీసి జేబులో వేసుకున్నారు. బహుమతి ఎవరికీ లేదు. ఆ రోజు నుంచి కెన్నీనా నాకు రొట్టె ఇస్తుంది గానీ మాట్లాడదు. మబ్బుల మీద హాస్యాలు కూడా ఆగిపోయాయి. చర్చిలో నా బెంచీలో నా పక్కన ఎవరూ కూర్చోరు. పర్వాలేదు. ఎందుకంటే ముందు వరసలో కీర్తన ఎత్తుకుంటున్నది ఇప్పుడు వేరే మనిషి. ఆయన శ్రుతి తప్పుతాడు, పాదాలు మింగేస్తాడు. నాకు మాత్రం వినసొంపుగా ఉంది. మీ అన్న తల వంచుకుని వింటున్నాడు.

ఇక మీ అమ్మ సంగతి. పోయిన సోమవారం వచ్చింది, ఫిన్లే చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాడు. హాల్లో ఆ రోజు తర్వాత ఇల్లు కదల్లేదు ఆవిడ. బయట సన్నగా వాన పడుతోంది. వాడు నా నెగటివ్‌లూ ఫోటోలూ ఉన్న కవరు బల్ల మీద పెట్టి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. మీ అమ్మ శాలువా తీయకుండానే నీ కుర్చీలో కూర్చుంది.

"డోలినా, వచ్చే నెల ప్రభు భోజనపు ఆరాధనలున్నాయి. దీవి నలుమూలల నుంచీ వస్తారు. నా కొడుకు పాడకపోతే నేనా చర్చిలో అడుగు పెట్టలేనే. పాస్టరుగారికి ఒక్క మాట చెప్పు. షాపులో ఫోటోల కవర్లు కలిసిపోయాయి, పొరపాటు జరిగింది అని."

"అబద్ధం చెప్పమంటారా అత్తయ్యా?"

"తలనొప్పని చెప్పలేదూ? ఇదీ అలాంటిదే."

నవ్వు రాబోయింది, ఆపుకున్నాను. "ఆ ఫోటో ఈయనది కాదని మీకెప్పుడు తెలిసింది?"

"గోడ మీద చూసిన నిమిషమే. నా చిన్నాడు పేర్చిన కుప్ప నాకు తెలీదా? నా పక్కన నిలబడి పాడినోడు ఫోటో ఎట్టా తీస్తాడు?"

"మరి నోరెందుకు మెదపలేదు?"

"మెదిపితే నీ ఆదివారం బయటపడదూ? వాడి దొంగతనం మనింట్లోది, కడుక్కుంటే పోద్ది. నీది అట్టా పోయేది కాదే. నిన్ను దాచడానికే నోరు కట్టుకున్నా. ఆ కట్టు నువ్వే తెంపుకున్నావ్."

నిజంగా నన్నే దాచిందో, పెద్దకొడుకునే దాచిందో నాకు తెలియదు. రెండూ కావచ్చు. నా ఏడుపు ఎవరికీ లెక్కలోకి రాలేదన్నది ఒక్కటే నాకు తెలుసు. "చెప్పను" అన్నాను.

అప్పుడు కెటిల్ మరగడం మొదలుపెట్టింది. మీ అమ్మ దాని వైపు చూసింది. మన గుమ్మం తొక్కిన మనిషి టీ తాగకుండా వెళ్లడం నువ్వు ఎరుగుదువా? పన్నులవాడికి ఇచ్చాం, మన కుక్కని తన్నినవాడికి కూడా ఇచ్చాం. నేను లేచి ఒక్క కప్పు దించాను. టీ పోసుకున్నాను, చక్కెర వేసి కలుపుకున్నాను. వాళ్లిద్దరి ఎదుట కూర్చుని అడుగు కనిపించేదాకా తాగాను. "పదమ్మా" అన్నాడు ఫిన్లే. మీ అమ్మ గుమ్మం పట్టుకుని కాసేపు నిలబడింది, పిలుస్తానేమోనని. నేను పిలవలేదు. ఆ వానలోనే వెళ్లిపోయారు.

నీ తల్లిని నీ ఇంట్లోంచి గొంతు తడవకుండా పంపించాను. ఇది నీకు వాళ్లు చెప్పకముందే నా చేత్తో రాయాలనుకున్నాను. తప్పు చేశానని రాయడం లేదు, చేశానని మాత్రమే రాస్తున్నాను.

ఫోటో దీనితో పంపుతున్నాను, వెనక నా పేరు రాశాను. నీ గదిలో నీకు కనిపించేచోట పెట్టుకో. నువ్వు సెప్టెంబరులో ఓడ దిగుతావు. దారిలో ముందు వచ్చేది మీ అమ్మ ఇల్లు. అక్కడ ఆగుతావో, ఆగకుండా నా దగ్గరికి వస్తావో నీ ఇష్టం. ఆగితే మాత్రం టీ కూడా అక్కడే తాగేసి రా.

ఇట్లు,
నీ భార్య,
డోలినా