గంపకి ఒక చెయ్యి

మచిలీపట్నం,
9-2-2002.

చిరంజీవి సుమతికి,

అమ్మ ఆశీస్సులు. పాండురంగడి చల్లని చూపు వల్ల నేను, మీ నాన్న, మీ నాయనమ్మ వేళకి తింటూ, తిరుగుతూ బాగానే ఉన్నాం. హైదరాబాదులో నువ్వూ అలాగే ఉన్నావని నమ్ముతున్నాను. నీ ఉత్తరం సోమవారం అందింది. ఐదు రోజులు ఆగి రాస్తున్నాను. ఎందుకు ఆగానో చదువుతుంటే నీకే తెలుస్తుంది. ఫోనులో చెబుదామంటే బూతులో వెనక నలుగురు నిలబడి ఉంటారు. ఈ మాటలు అక్కడ నా నోటికి రావు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. నా మోకాలు పరవాలేదు, నువ్వు పంపిన మందు రాస్తున్నాను. మీ నాన్న పడవకి ఇంజను బాగైంది, మళ్ళీ వేటకి వెళ్తున్నారు. మీ నాయనమ్మ మంచం టీవీకి ఎదురుగా వేయించుకున్నారు. నువ్వు రాస్తున్న సీరియల్లో ఆ డబ్బున్న పిల్ల తండ్రి కనపడగానే "వచ్చాడే, వీడి మొహం మీద ఉప్పునీళ్ళు పొయ్య" అంటారు. వేషం వేసినాయన మంచివాడే అయ్యుంటాడు అత్తయ్యా అంటే, "మంచోడికి ఆ వేషం ఎవరిత్తారే" అంటారు. నాగాయలంకలో మీ పిన్ని వాళ్ళు కరెంటు పోయినా ఆపకుండా, బ్యాటరీ పెట్టుకుని చూస్తున్నారట.

ఇక నీ ఉత్తరంలో నన్ను నిద్రపోనివ్వని సంగతి. పది వారాలకి రాసి ఇచ్చేశాననీ, మిగిలిన మూడు వారాలూ రాయనని ఆఫీసులో చెప్పేశాననీ రాశావు. వాళ్ళు వేరేవాళ్ళ చేత రాయించుకునే ముందు పదిహేనో తేదీ దాకా ఆలోచించుకోమన్నారట. చివర నన్ను అడిగావు, "అమ్మా, మన ఇంటి సంగతి నేను బజార్లో పెట్టానని నువ్వు కూడా అనుకుంటున్నావా?" అని.

ఎనిమిదో వారం నేను రెప్ప వెయ్యకుండా చూశాను తల్లీ. కాలేజీలో చదువుకునే ఆ పిల్ల, స్నేహితురాలి పుట్టినరోజని వాళ్ళ మేడలో భోజనానికి వెళ్తుంది. తల్లి చేపలమ్ముకుంటూ అదే ఇంటి పెరట్లోకి వస్తుంది. నిండు గంప ఒక్క మనిషి వల్ల నెత్తికి ఎక్కదు, ఎదురుగా ఇంకొకరు అంచు పట్టి లేపాలి. బేరమయ్యాక ఆ ఇంటివాళ్ళు చెయ్యి వెయ్యటం మర్యాద. ఆ మేడలో ఎవరూ వెయ్యలేదు. తల్లి ఎండలో గంప పక్కన నిలబడి ఉంటే, పిల్ల వంటింటి తలుపు చాటున ఆగిపోయింది, బయటికి రాలేదు. అది చూసి నేను కొంగుతో మొహం తుడుచుకున్నాను. మీ నాన్న నా వంక చూశారు. అప్పుడే ఆయనకి తెలిసిపోయింది, అది నువ్వూ నేనేనని.

మర్నాడు రేవులో సత్తయ్య ఊరుకోలేదు. "ఏం మావా, మా అత్తని పెరట్లో నిలబెట్టింది ఆసాములా, నీ కూతురా?" అన్నాడట. మీ నాన్న అక్కణ్ణుంచి నేరుగా బూతుకి వెళ్ళి నీకు ఫోను చేశారు. ఇక రాయొద్దని నీతో అన్న మాట నాకు సాయంత్రం గానీ తెలియలేదు.

సోమవారం నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. "మానేసిందా? మంచిదే" అన్నారు. కానీ అన్నం సగంలో వదిలేసి లేచారు. మంగళవారం మనతో గంప ఎత్తే వెంకాయమ్మ వచ్చింది. "పామిడిముక్కలలో నాకు జరిగింది నీ కూతురికెట్టా తెలిసింది వదినా?" అని అడిగింది. అది నాదే అంటే ఒప్పుకోదే. "నీదెట్టవుద్ది, ఆ పెరట్లో నుయ్యి కూడా ఉందిగా" అని నాతో వాదన. మీ నాన్న వల అల్లుకుంటూ అంతా విన్నారు. బుధవారం ఉన్నట్టుండి, "ఏ ఇల్లది?" అన్నారు.

చెప్పాను. గుడివాడలో భుజంగరావు గారి ఇల్లు, మీ బిందు వాళ్ళది.

"రేపు నేనొత్తన్నాను. గంప నేనే మోత్తా. ఆళ్ళని రెండు మాటలు అడగాలి."

వద్దంటే ఆగే మనిషి కాదు. గురువారం వేటకి వెళ్ళకుండా, ఉతికిన చొక్కా వేసుకుని నాతో బయల్దేరారు. పామర్రులో బస్సు మారాం. ఇన్నేళ్ళుగా గంప చూడగానే ముక్కు మూసుకునే కండక్టరు ఈశ్వరప్రసాద్, ఆ రోజు కిందికి దిగి వచ్చి తానే ఒక అంచు పట్టాడు. "మా ఆవిడ ఆ సీరియలు చూస్తుందండీ. మీరు గంపలకి చెయ్యేస్తున్నారా లేదా అని రోజూ అడుగుతోంది" అన్నాడు. మీ నాన్న దారి పొడుగునా పొలాల వంక చూస్తూ కూర్చున్నారు. నేను మాత్రం గొడవ జరగకూడదని మనసులో నామం చెప్పుకుంటూనే ఉన్నాను.

పెరటి గుమ్మంలో గంప దించగానే బిందు వాళ్ళమ్మ రావమ్మ గారు బయటికొచ్చారు. నన్ను చూసి ఆగిపోయారు.

"ఏమ్మా, సుమతి నీ కూతురని ఇన్నేళ్ళూ చెప్పనే లేదు. మొన్న మా బిందు ఫోన్ చేసి చెబితే తెలిసింది."

"మీరు అడగలేదు కదండీ" అన్నాను.

మీ నాన్న గొంతు సవరించుకున్నారు. ఆయన నోరు తెరిచేలోపే ఆవిడ, "అయినా టీవీలో మా పెరడు అంత ఇరుగ్గా చూపించారేంటి? ఆ చీరేంటి? అలాంటి చీర నేనెప్పుడైనా కట్టానా, నువ్వే చెప్పు" అన్నారు. మీ నాన్న అడుగుదామనుకున్న రెండు మాటలూ ఎటో పోయాయి.

తర్వాత రావమ్మ గారి గొంతు తగ్గింది. "నువ్వెన్నిసార్లో వచ్చావు. ఆ రోజు ఏదో నాకు గుర్తులేదమ్మా. కానీ మా గుమ్మంలోకి వచ్చిన ఎవరి గంపకీ నేను ఏ రోజూ చెయ్యి వెయ్యలేదు. అది మాత్రం గుర్తుంది" అన్నారు. మీ నాన్న వైపు తిరిగి, "మీరు కూర్చోండి" అని కుర్చీ చూపించారు. మీ నాన్న కూర్చోలేదు గానీ, ఆ 'మీరు' విన్నారు.

బేరమయ్యాక ఆవిడ కుచ్చిళ్ళు ఎగ్గట్టి గంప దగ్గరికి వచ్చారు. లోపలి నుంచి భుజంగరావు గారు, "నీకెందుకు రావమ్మా, పాలేర్లున్నారు కదా" అన్నారు. "మీరు పేపరు చదువుకోండి" అని ఆవిడ అంచు పట్టుకున్నారు. అలవాటు లేని చెయ్యి కదా, గంప ఒక పక్కకి ఒరిగింది. ఐసు నీళ్ళు ఆవిడ చీర మీద ఒలికాయి. నాకు ప్రాణం పోయినంత పనైంది.

అప్పుడు మీ నాన్న ముందుకొచ్చి, "నడుంతో ఎత్తకూడదండీ. మోకాళ్ళు వంచండి. ఇప్పుడు, ఊఁ" అన్నారు. రెండోసారి గంప నా నెత్తి మీద తిన్నగా కూర్చుంది. రావమ్మ గారు తడిసిన చీర చూసుకుని నవ్వుతున్నారు. ఆవిడ అలా నవ్వటం నేనెప్పుడూ చూడలేదు. పోట్లాడటానికి వచ్చిన మనిషి, ఆవిడకి గంప ఎత్తటం నేర్పి తిరిగొచ్చారు.

పామర్రులో టీ తాగుతూ మీ నాన్న ఒకే మాట అన్నారు. "రాయమను."

ఆ సాయంత్రం పదో వారం. టీవీ ఆయనే పెట్టారు. మన అరుగు మీద జనం పట్టలేదు, సత్తయ్య కూడా వచ్చాడు. మీ నాన్నకి అక్షరాలు రావు కదా, పేర్లు పడేటప్పుడు నీ పేరు ఎక్కడొస్తుందో చూపించమని నన్ను అడిగారు. నేను వేలు పెట్టి చూపించగానే లేచి నిలబడి, "అదిగో రా సత్తయ్యా, అది. మా అమ్మాయి పేరు" అన్నారు. సత్తయ్య బుద్ధిగా "చూశాను మావా" అన్నాడు.

ఇక్కడితో ఆపేస్తే ఇది మంచి ఉత్తరమే. కానీ మీ నాన్నకీ రావమ్మ గారికీ చెప్పని సంగతి ఒకటుంది. నిన్న చిలకలపూడి వెళ్ళి, పాండురంగడి పాదాలు పట్టుకుని ముందు ఆయనకి చెప్పుకున్నాను. ఇప్పుడు నీకు చెబుతున్నాను.

ఏడేళ్ళ కిందట ఆ రోజు, పామర్రులో సరుకు పోలేదు గనక గుడివాడ వెళ్ళానని ఇంట్లో చెప్పాను. అది అబద్ధం. పామర్రులో నేను గంపే దించలేదు. ఆదివారం బిందు వాళ్ళింట్లో భోజనమని నువ్వు హాస్టలు నుంచి రాశావు కదా. ఆ ఇల్లు వెతుక్కుంటూ వచ్చాను. ఆ మేడలో, వాళ్ళ మధ్య నువ్వు కూర్చుంటే ఒక్కసారి చూడాలనిపించింది. అంతకు ముందు ఆ వీధి నేనెరగను.

ఇంకొకటి. ఆ రోజు చెయ్యి వెయ్యటానికి మనిషి లేకపోలేదు. వాళ్ళ పాలేరు దేవదానం రెండుసార్లు వచ్చి "ఎత్తమంటావా అమ్మా" అని అడిగాడు. ఉండు నాయనా, కాసేపు నడుం నొప్పి తగ్గనీ అన్నాను. నాకు ఏ నొప్పీ లేదు. కిటికీలోంచి నీ గొంతు వినిపిస్తోంది. భుజంగరావు గారు మీ అమ్మ చదువుకుందా అని నిన్ను అడుగుతున్నారు. నువ్వు ఏమాత్రం తడుముకోకుండా, "పదో తరగతి పాసయ్యారండీ. నాకు లెక్కలన్నీ ఆవిడే చెప్పారు" అన్నావు. 'ఆవిడ' అన్నావు. నన్ను ఆ మాటతో నేను వింటుండగా ఇంతవరకూ ఎవరూ అనలేదు. ఇంకేం చెబుతావోనని నేను కదల్లేకపోయాను.

ఆ తర్వాత నువ్వు వంటింట్లోకి వచ్చి నన్ను చూశావు. నీ ఓణీ అంచు తలుపు పక్కన ఆగిపోవటం నేనూ చూశాను. నీకు ఇబ్బంది అని నేనే మొహం తిప్పుకుని దేవదానాన్ని పిలిచాను. నువ్వు నన్ను ఎండలో నిలబెట్టానని ఏడేళ్ళుగా కుమిలిపోతున్నావు. నేను సంతోషంతో నిలబడ్డాను. అది చెబితే దొంగతనంగా వచ్చానని తెలుస్తుందని సిగ్గుపడి ఊరుకున్నాను. తప్పు నాది.

అలాగని నువ్వు రాసింది అబద్ధం కాదు. ఆ ఒక్క రోజు తప్ప మిగతా ఎన్నో రోజులు, ఎన్నో పెరళ్ళలో, మేం అలా నిలబడ్డాం. వెంకాయమ్మ వాదన నీకు రాశాను కదా. అందుకే రావమ్మ గారి చెయ్యి వద్దనలేదు.

పదిహేనో తేదీ శుక్రవారం. ఈ ఉత్తరం అందిన రోజే ఆఫీసుకి వెళ్ళి, మిగిలిన మూడు వారాలూ నేనే రాస్తానని చెప్పు. ఆ తల్లి ఎందుకు కదల్లేదో ఆ పిల్లకి తెలిసేలా రాయి. ఆ పిల్ల తలుపు చాటు నుంచి బయటికి రావాలి. నేను ఎవరినీ గట్టిగా ఏదీ అడిగినదాన్ని కాదు, దేవుణ్ణి కూడా మెల్లగానే అడుగుతాను. ఇది మాత్రం అడగటం లేదు సుమతీ, చెబుతున్నాను. రాయి.

ఇట్లు,
నిన్ను దీవిస్తూ
మీ అమ్మ
నాగమల్లేశ్వరి