బీరువా తాళం చూసొచ్చాను

పాలు కాచి పొయ్యి మీదే ఉంచాను, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టు. దుకాణం నుంచి ఇవాళ కూడా రెండుసార్లు వచ్చి గుమ్మం తాళం లాగి చూశాను. రెండోసారి వచ్చినప్పుడే ఇది రాస్తున్నాను, తిట్టుకోకు.

నా చొక్కా జేబులో ఆ కౌన్సెలర్ కార్డు పెట్టింది నువ్వేనని తెలుసు. మొన్న మీ తమ్ముడు కూడా ఉన్నట్టుండి, "బావా, ఊరందరి తాళాలూ బాగుచేస్తావు, నీ ఇంటి తాళాన్ని నమ్మకపోతే ఎలా? ఒకసారి వెళ్లి మాట్లాడి రారాదూ" అన్నాడు. ఇద్దరూ కూడబలుక్కున్నారు. ఇంకా ఎవరెవరికి చెప్పావో.

ఎవరి బీరువా తీసినా, తాళం తెరుచుకోగానే నేను అటు తిరిగి నిలబడతాను. లోపలికి చూడను. మా నాన్న నాకు నేర్పిన మొదటి పని అది. ఆ కౌన్సెలరమ్మ పనే లోపలికి చూడటం. పైగా విన్నదంతా రాసుకుంటుందట. రాసింది ఎక్కడ పెడుతుంది?

అందుకే నిన్న ఆవిడ ఆఫీసుకి వెళ్లి చూశాను. ఫైళ్లన్నీ ఒక ఇనప బీరువాలో ఉన్నాయి. దాని తాళం తలపిన్నుతో వచ్చేస్తుంది. ఆ మాటే చెబితే ఆవిడ నవ్వి, "అయితే మంచి తాళం మీరే వేసి పెట్టండి" అంది. ఇది కూడా ఆవిడ ఎత్తేనేమో.

నాలుగింటికి వెళ్లి వేసొస్తాను.

తాళం బిగించడానికి పావుగంట చాలని నీకూ తెలుసు. ఆలస్యమైతే ఎందుకని అడగకు. మీ తమ్ముడికి అసలు చెప్పకు.